వేడి ఎక్కడికి పోతుంది?

మొక్కలు ఎదగడం మానేశాయి. వాటికి వేసే మట్టి గోదాములో నిండుగా ఉంది. ఆక్సిజన్‌కు లోటు లేదు, తెగులూ లేదు. ఉష్ణోగ్రతల పటం తెరిచి చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు. పొలం ఉన్న గదిలో 31 డిగ్రీలుంది. మీల్‌వుడ్ అనే ఆ మొక్క 10 నుంచి 30 డిగ్రీల మధ్యలోనే పెరుగుతుంది. ఒక్క డిగ్రీ గీత దాటినందుకు నా కాలనీలో ఎనిమిది మంది తిండి ఆగిపోయింది.

ఈ కాలనీ ఉన్నది ‘ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్’ అనే కంప్యూటర్ ఆటలో. కెనడాలోని వాంకూవర్ నగరానికి చెందిన క్లెయ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ దీన్ని చేసింది. 2017 మే నెలలో పూర్తికాని రూపం అందరికీ అందుబాటులోకి వచ్చింది, 2019 జులై 30న పూర్తి ఆట విడుదలైంది. ఒక గ్రహశకలం కడుపులో, డూప్లికెంట్లు అనే మనుషుల్లాంటి పాత్రలు ముగ్గురితో మొదలుపెట్టాలి. రాయి తవ్వుకుంటూ, గదులు కట్టుకుంటూ, గాలీ నీరూ తిండీ సమకూర్చుకుంటూ బతకాలి. కొత్తగా ఆడేవాళ్లు పేరు చూసి ఆక్సిజనే ప్రాణగండం అనుకుంటారు. కొన్నాళ్లు నిలదొక్కుకున్నాక తెలుస్తుంది, అసలు చిక్కు వేడితో అని. నాలుగు వైపులా రాయి కమ్మిన చోట ప్రతి యంత్రమూ, ప్రతి దీపమూ ఎంతో కొంత వేడి కక్కుతూనే ఉంటాయి. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి.

భౌతికశాస్త్రం మీద ఇష్టం ఉన్న వాళ్లెవరైనా ఈ ఆటను ఒకసారి దగ్గర నుంచి చూడాలని నా కోరిక. ఆట ప్రపంచమంతా గళ్లుగా ఉంటుంది. ప్రతి గడిలో ఏ పదార్థం ఉంది, ఎన్ని కిలోలు ఉంది, ఎంత ఉష్ణోగ్రతలో ఉంది అనే మూడు సంగతులు ఆటకు ఎప్పుడూ తెలుసు. ప్రతి పదార్థానికీ రెండు అంకెలు రాసిపెట్టి ఉంటాయి. ఒకటి విశిష్టోష్ణం: ఒక గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ పైకి ఎక్కించడానికి ఎంత వేడి కావాలో చెప్పేది. రెండోది ఉష్ణవాహకత: ఆ పదార్థం గుండా వేడి ఎంత జోరుగా పారుతుందో చెప్పేది. వేడిని కొలవడానికి ఆటలో డీటీయూ అని సొంత ప్రమాణం ఒకటి పెట్టుకున్నారు. నీటి విశిష్టోష్ణం 4.179 అని కనబడగానే గుట్టు విడిపోతుంది. పాఠ్యపుస్తకంలో నీటికి జూళ్లలో ఇచ్చే అంకే అది. పేరు మారిందంతే, డీటీయూ అంటే జూలే.

చాలామంది వేడినీ ఉష్ణోగ్రతనూ ఒకటిగానే వాడేస్తాం. ఈ ఆటలో అలా వాడితే మొక్కలు ఎండుతాయి.

నీళ్లను విద్యుత్తుతో విడగొట్టి ఆక్సిజన్ తీసే ఎలక్ట్రోలైజర్ యంత్రాన్ని చూడండి. సెకనుకు ఒక కిలో నీరు తాగి 888 గ్రాముల ఆక్సిజన్, 112 గ్రాముల హైడ్రోజన్ వదులుతుంది. ఈ అంకెలు ఊహించి పెట్టినవి కావు. నిజంగానే నీటి బరువులో ఆక్సిజన్ వాటా 88.8 శాతం. అయితే బయటికొచ్చే ఆక్సిజన్ కనీసం 70 డిగ్రీలు ఉంటుంది. నా పొలాన్ని ఎండగట్టింది ఇదే. 70 డిగ్రీల గాలి అంటే భయంగానే ఉంటుంది కదా. లెక్క వేద్దాం. 888 గ్రాముల్ని ఆక్సిజన్ విశిష్టోష్ణం 1.005తో గుణించి, 70 నుంచి 25కి దించాలంటే సెకనుకు సుమారు 40 వేల జూళ్లు తీసెయ్యాలి. ఆటలో ఒక రోజు 600 సెకన్లు. రోజంతా పోగైన వేడి దాదాపు 2 కోట్ల 40 లక్షల జూళ్లు. ఇప్పుడు ఒక గడి నిండా ఉన్న నీటిని తీసుకోండి. వెయ్యి కిలోలు. దాన్ని ఒక్క డిగ్రీ పెంచడానికే 41 లక్షల 79 వేల జూళ్లు కావాలి. అంటే ఆ యంత్రం రోజంతా ఊదిన వేడిని ఆరు గళ్ల నీళ్లు ఒక డిగ్రీ కూడా పెరగకుండా మింగేస్తాయి.

అదే గడిలో ఆక్సిజన్ ఉంటే దాని బరువు మామూలుగా రెండు కిలోల లోపే. ఒక డిగ్రీ పెరగడానికి రెండు వేల జూళ్లు కూడా అక్కర్లేదు. ఒక గడి నీటికి సాటి రావాలంటే రెండు వేలకు పైగా గళ్ల గాలి కావాలి. మన బయటి లోకంలోనూ తేడా ఈ తీరుగానే ఉంటుంది. ఒక ఘనమీటరు గాలి బరువు దాదాపు 1.2 కిలోలు, అంతే చోటులో నీరు వెయ్యి కిలోలు. గాలి గభాల్న వేడెక్కి గభాల్న చల్లబడుతుంది, నీరు ఓర్చుకుంటుంది. ఆటలో చేయి తిరిగినవాళ్లు కాలనీ మధ్యలో నీటి తొట్టి కట్టుకునేది అందుకే. ఆక్సిజన్‌కు ఇచ్చిన విశిష్టోష్ణం 1.005, ఉష్ణవాహకత 0.024 అనే అంకెలు అసలు మామూలు గాలివి. శుద్ధమైన ఆక్సిజన్ విశిష్టోష్ణం 0.918. డూప్లికెంట్లు పీల్చేది గాలే కదా అనుకున్నారో ఏమో, అంకె మాత్రం అక్కడి నుంచే వచ్చింది.

లోహాల పట్టికలోకి వెళ్తే నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి దొరికింది. ఆటలో బంగారం విశిష్టోష్ణం 0.129. రాగిది 0.385. ఇనుము 0.449. అల్యూమినియం 0.91. పైకి చూస్తే ఏ పొంతనా లేదు. గ్రాము బంగారాన్ని ఒక డిగ్రీ వేడెక్కించే ఖర్చుకు ఏడు రెట్లు పెడితే గానీ గ్రాము అల్యూమినియం కదలదు. ఇప్పుడు ఒక్కో అంకెనూ ఆ మూలకం పరమాణు భారంతో గుణించండి. బంగారం 0.129ని 197తో గుణిస్తే 25.4. రాగి 0.385ని 63.5తో గుణిస్తే 24.4. ఇనుముకు 25.1. అల్యూమినియంకు 24.6. టంగ్‌స్టన్‌కు కూడా 24.6. అన్నీ పాతిక చుట్టూనే తిరుగుతున్నాయి!

1819లో ఫ్రాన్స్‌లో డ్యూలాంగ్, పెటీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టింది ఇదే. వేడిని దాచుకునేవి గ్రాములు కావు, పరమాణువులు. ఏ లోహపు పరమాణువైనా ఒక డిగ్రీకి దాదాపు ఒకే మోతాదు వేడి పుచ్చుకుంటుంది. బంగారపు పరమాణువు బరువైనది కాబట్టి గ్రాములో తక్కువ ఉంటాయి, అల్యూమినియంవి తేలిక కాబట్టి ఎక్కువ ఉంటాయి. తేడా అంతా అక్కడే. వినోదం కోసం చేసిన ఆటలో, ఎవరూ అడగకపోయినా, ఈ నియమం పట్టిక అడుగున కూర్చుని ఉంది. ఆటగాడు బంగారంతో కట్టిన పలక చురుగ్గా వేడెక్కుతోందని గమనిస్తున్నాడంటే అతను చూస్తున్నది పరమాణువుల లెక్కనే.

అదే పట్టికలో వజ్రం ఉంది. విశిష్టోష్ణం 0.516. కార్బన్ పరమాణు భారం 12తో గుణిస్తే 6.2. పాతిక కావాల్సిన చోట ఆరు! ఈ తప్పు ఆటది కాదు, ప్రకృతిలోనూ వజ్రం ఇంతే. పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్తలకు ఇది కంట్లో నలుసయింది. 1907లో ఐన్‌స్టయిన్ దీనికి జవాబు చెప్పాడు. పరమాణువులు తమ కంపనాలకు శక్తిని ఎంతపడితే అంత పుచ్చుకోలేవు, విడివిడి ముద్దలుగానే పుచ్చుకుంటాయి. వజ్రంలో కార్బన్ పరమాణువులు తేలిక, వాటి మధ్య బంధాలు మహా బిగువు. అందువల్ల కంపనాల ముద్దలు పెద్దవి. గది ఉష్ణోగ్రతలో ఉండే వేడి ఆ ముద్దలకు చాలదు. అందుకే వజ్రంలోని కంపనాలు చాలామటుకు నిద్రలోనే ఉంటాయి. ఘనపదార్థాల విషయంలో క్వాంటం ఆలోచన గెలిచిన తొలి పోరాటాల్లో ఇదొకటి. దాని గుర్తు ఒక ఆటలోని దశాంశ అంకెలో ఉండిపోయింది.

ఇక రెండో అంకె, ఉష్ణవాహకత. ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ 1822లో అచ్చువేసిన గ్రంథంలో వేడి ప్రవాహానికి సూత్రం చెప్పాడు. పక్కపక్కన ఉన్న రెండు చోట్ల మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత జోరుగా పారుతుంది, ఎంత పారేదీ మధ్యనున్న పదార్థం నిర్ణయిస్తుంది. ఆట క్షణక్షణానికీ పక్కపక్క గళ్ల మధ్య చేస్తున్నది ఈ లెక్కే.

ఇక్కడ ఆట అంకెలను కొంచెం మార్చుకుంది. గ్రానైట్‌కు ఇచ్చిన 3.39 నిజానికి దగ్గరగానే ఉంది. అల్యూమినియంకు 205 కూడా నమ్మదగినదే. రాగికి మాత్రం 60 ఇచ్చారు. నిజంగా రాగి వాహకత 400 దాకా ఉంటుంది, అల్యూమినియం దాని ముందు తక్కువే. ఆటలో మాత్రం అల్యూమినియం రాగిని మూడు రెట్లకు పైగా మించిపోయింది. ఆట చూసి వంటగిన్నెలు కొంటే పొరపాటు పడతాం. వజ్రానికి ఇచ్చిన అంకె 80. నిజమైన వజ్రం రెండు వేలకు అటూ ఇటూగా ఉంటుంది, రాగికి అయిదు రెట్లు. రాగిలో వేడిని మోసేవి స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. వజ్రంలో అలాంటి ఎలక్ట్రాన్లు లేవు, బిగువైన బంధాల వెంట కంపనమే అలలా పరిగెడుతుంది. విశిష్టోష్ణాన్ని తగ్గించిన ఆ బిగువే వాహకతను పెంచింది. ఆట మొదటి సగం సరిగ్గా చూపించి రెండో సగం వదిలేసింది. ఈ వదిలేయడం నాకు కాస్త వెలితిగానే ఉంది.

ఉష్ణబంధకాల వైపు ఆట ఊహ ఇంకా దూరం వెళ్లింది. అబిస్సలైట్ అనే కల్పిత రాయి వాహకత 0.00001. లోకంలో మనకు దొరికే గొప్ప ఉష్ణబంధకాల్లో ఒకటైన సిలికా ఏరోజెల్‌కు కూడా 0.01 కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. గ్రహశకలం లోపల మంచు ప్రాంతాన్నీ లావా ప్రాంతాన్నీ పక్కపక్కనే పెట్టి, మధ్యన రెండు మూడు గళ్ల అబిస్సలైట్ గోడ కడితే ఏళ్లు గడిచినా ఒకదాని సెగ ఒకదానికి తగలదు. అది తెలియక ఆ గోడను తవ్వి దారి చేసినవాళ్ల కాలనీలోకి వేడి ఆవిరి దూసుకొస్తుంది.

ఆటలో బొత్తిగా లేనిది ఒకటుంది. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది అదే. గుప్తోష్ణం లేదు.

1760ల ఆరంభంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు మంచు కరగడాన్ని పట్టి పట్టి చూశాడు. సున్నా డిగ్రీల దగ్గర మంచు ఎంతసేపు వేడి పుచ్చుకున్నా ఉష్ణోగ్రత కదలదు. ఆ వేడంతా మంచును నీరుగా మార్చడంలోనే ఖర్చయిపోతుంది. ఉష్ణమాపికకు కనబడకుండా దాక్కునే వేడి కనుక దానికి గుప్తోష్ణం అని పేరు పెట్టాడు. అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్, కాస్త ఆవిరి దానికి ఆరు రెట్ల బరువున్న చన్నీళ్లను మరిగించేస్తోందేమిటని ఆశ్చర్యపోయి బ్లాక్ దగ్గరికి వెళ్తే, కారణం ఇదేనని తేలింది.

గ్రాము మంచు కరగాలంటే 334 జూళ్లు. గ్రాము నీరు మరిగి ఆవిరవ్వాలంటే 2,257 జూళ్లు. ఆటలో ఈ రెండూ సున్నాలే. నీరు మరిగే గీతను మూడు డిగ్రీలు దాటితే చాలు, గడిలోని నీరంతా ఆవిరిగా మారిపోతుంది, పైసా ఖర్చు లేకుండా. ఆవిరికి కూడా నీటి విశిష్టోష్ణం 4.179నే ఇచ్చారు. నిజంగా ఆవిరిది అందులో సగమే. అంకె తగ్గిస్తే నీరు ఆవిరైన ప్రతిసారీ కొంత వేడి లెక్కలోంచి జారిపోతుంది కదా, అలా జారిపోకుండా ఇది కాపు కాస్తోంది. మంచుకు మాత్రం 2.05 అలాగే ఉంచారు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. 30 డిగ్రీల నీళ్లు నాలుగు లీటర్లు తీసుకుని సున్నా డిగ్రీల మంచు కిలో వేయండి. బయటి వేడి చేరకుండా చూస్తే, మంచు కరిగాక నీళ్లు 8 డిగ్రీల దగ్గర ఆగుతాయి. ఆటలో ఇదే పని చేస్తే 24 దగ్గర ఆగుతాయి. మంచు చల్లదనంలో సింహభాగం అది చల్లగా ఉండటంలో లేదు, కరగడంలో ఉంది. ఎండాకాలం మన కుండ నీళ్ల సంగతీ ఇదే. మట్టి రంధ్రాల గుండా చెమ్మ పైకొచ్చి ఆవిరవుతూ, గ్రాముకు దాదాపు 2,400 జూళ్లు లోపలి నీళ్ల నుంచే లాక్కుపోతుంది. పది లీటర్ల కుండలో వంద గ్రాములు అలా పోతే మిగతా నీటి ఉష్ణోగ్రత దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. ఆ గ్రహశకలం మీద కుమ్మరి ఎంత మంచి కుండ చేసినా నీళ్లు చల్లబడవు. డూప్లికెంట్ల ఒంటికి పట్టిన చెమట ఆరినా హాయి ఉండదు.

మరి అక్కడ చల్లదనం ఎలా? అందుకు ఆక్వాట్యూనర్ అనే యంత్రం ఉంది. గొట్టంలో వచ్చిన ద్రవాన్ని సరిగ్గా 14 డిగ్రీలు చల్లబరిచి పంపి, ఆ వేడిని తన చుట్టూ విడిచిపెడుతుంది. సెకనుకు పది కిలోల నీరు దాని గుండా పోతే 5 లక్షల 85 వేల జూళ్లు ఇటు నుంచి అటు మారతాయి. అందుకు అది వాడే కరెంటు 1,200 వాట్లు. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నేను పెన్ను కింద పెట్టేశాను. ఒక జూలు ఖర్చుకు 487 జూళ్ల వేడి కదిలింది! మన ఇంటి ఏసీ జూలుకు మూడో నాలుగో కదిలిస్తుంది. 1824లో సాదీ కార్నో వేసిన దారిన పోతే, 27 డిగ్రీల చోటు నుంచి వేడిని తోడి 127 డిగ్రీల చోటులో పొయ్యాలంటే ఎంత గొప్ప యంత్రమైనా జూలుకు మూడుకు మించి కదల్చలేదు.

ఇంత వరం ఇచ్చిన ఆట ఇంకో చేత్తో తీసేసుకుంది. ఆక్వాట్యూనర్ విడిచిన వేడితో నీరు మరిగించి ఆ ఆవిరిని టర్బైన్‌కు అందిస్తారు. 200 డిగ్రీల ఆవిరి సెకనుకు రెండు కిలోలు పోతే, టర్బైన్ దాన్ని 95 డిగ్రీల నీరుగా దించి 850 వాట్లు ఇస్తుంది. ఆవిరి పోగొట్టుకున్నది 8 లక్షల 77 వేల జూళ్లు. చేతికొచ్చిన కరెంటు వెయ్యో వంతు కూడా లేదు. పదో వంతు టర్బైన్ ఒంటికి వేడిగా అంటుకుంటుంది. మిగతాది లోకంలోంచే చెరిగిపోతుంది. నిజమైన థర్మల్ కేంద్రాలు బొగ్గు వేడిలో మూడో వంతుకు పైగా కరెంటు చేసి, మిగతాదాన్ని శీతలీకరణ గోపురాల మీదుగా ఆకాశానికి వదులుతాయి, చెరిపేయలేవు. గుప్తోష్ణం లేని లోకంలో, నాలుగు వైపులా మూసి ఉన్న చోట, వేడిని చెరిపేసే చోటు ఒకటి లేకపోతే ఆట ముందుకు సాగదు. అందుకే దాన్ని అక్కడ పెట్టారు.

నిజమైన అంతరిక్షంలో ఉన్న కాలనీకి అలాంటి చోటు లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనుషుల ఒంటి వేడినీ యంత్రాల వేడినీ చివరికి బయటి గొట్టాల్లో తిరిగే అమ్మోనియా పుచ్చుకుని, రెక్కల్లా పరిచిన పెద్ద రేడియేటర్లకు చేరుస్తుంది. అక్కడి నుంచి పరారుణ కిరణాలుగా శూన్యంలోకి పోతుంది. ఆటలో ఇలా వేడిని కిరణాలుగా వదిలే వికిరణం లేదు. శూన్యంలో పెట్టిన యంత్రం తన వేడి ఎవరికీ ఇవ్వలేక తనలో తానే ఉడికిపోతుంది.

నా పొలానికి చివరికి ఆక్వాట్యూనరే దిక్కయింది. ఉక్కుతో కట్టి ఆవిరి గదిలో పెట్టాను, గొట్టాలు పొలం నేల కిందుగా లాగాను. చన్నీళ్లు పారిన కాసేపటికే గాలి 28కి దిగింది. సంబరంగా యంత్రం ఆపేశాను. మళ్లీ 31. ఈసారి గోడల మీద కర్సరు పెట్టి చూశాను, గ్రానైట్ పలక ఇంకా 32లోనే ఉంది. ఒక్కో పలక 200 కిలోలు. డిగ్రీకి లక్షా 58 వేల జూళ్లు పట్టి ఉంచుతుంది, గడిలోని గాలికి 90 రెట్లు దగ్గర దగ్గర. నేను చల్లార్చింది గాలిని మాత్రమే, ఇల్లంతా వేడిగానే ఉంది. మే నెలలో మన డాబా ఇళ్లల్లో రాత్రి పదింటికి ఫ్యాను తిప్పుకుని పడుకున్నప్పుడు జరిగేదీ ఇదే. నాలుగంగుళాల స్లాబు చదరపు మీటరుకు 240 కిలోలు ఉంటుంది, దాని కింద ఆ చదరపు మీటరు మేర గదిలో ఉన్న గాలి నాలుగు కిలోలు కూడా ఉండదు. కిటికీ తీసి గాలి మార్చినంత తేలిగ్గా స్లాబు మారదు.

యంత్రాన్ని మళ్లీ తిప్పి ఆటలో మూడు రోజులు ఆపకుండా ఉంచాను. గోడలు 29 అయ్యాయి, తర్వాత 27. మీల్‌వుడ్ పెరగడం మొదలుపెట్టింది.